పదేళ్ళు మన్నే పెట్టె

మా మేనల్లుడు చెన్నై నుంచి ఒక జాబితా పంపాడు. "మామయ్యా, పదేళ్ళ దాకా మళ్ళీ కొననక్కరలేని కంప్యూటరు కావాలన్నావు గదా, ఇదిగో" అన్నాడు. అందులో ఉన్నవన్నీ పై మెట్టు సరుకులే. ఇంటెల్ పద్నాలుగో తరం ఐ9 ప్రాసెసరు, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్సు కార్డు, నీటితో చల్లబరిచే ఏర్పాటు, దీపాలు వెలిగే ర్యాము. మొత్తం అయిదు లక్షలు దాటింది. విద్యుత్తునందించే సప్లై మాత్రం జాబితా చివర "ఏదో ఒక 1000 వాట్లది" అని ఉంది. యూపీఎస్ ప్రస్తావనే లేదు.

వాడి అభిమానానికి నెనరులు. కానీ ఆ జాబితాను తలక్రిందులుగా చదవాలన్నది నా వాదన. మన్నిక కోరేవాడు చివరి వస్తువుతో మొదలుపెట్టాలి. నా మటుకు నేను ఇంకా వెనక్కి వెళ్ళి, ఇంటి వెనుక ఎర్తింగు గొయ్యితో మొదలుపెడతాను.

మా సింగరాయకొండకు పాకల సముద్రతీరం కొద్ది కిలోమీటర్ల దూరమే. గాలిలో ఉప్పు ఉంటుంది. ఏసీల రాగి గొట్టాలు ఎంత త్వరగా పచ్చబారతాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. వేసవిలో మిట్టమధ్యాహ్నం గదిలో నలభై డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. ఇక కరెంటు సంగతి. గాలివాన వస్తే పోవడం ఒక బాధ, తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఉరకడం మరింత బాధ. జాలంలో కనిపించే సమీక్షలన్నీ ఏసీ గదుల్లో, నిలకడైన విద్యుత్తు మీద చేసినవి. ఉదాహరణకు "80 ప్లస్ గోల్డు" ముద్రనే తీసుకోండి. ఆ పరీక్ష జరిపేది 23 డిగ్రీల దగ్గర. అదీగాక ఆ ముద్ర చెప్పేది సప్లై ఎంత విద్యుత్తును వృథా చేయకుండా అందిస్తుందన్న సంగతి ఒక్కటే. అది ఎన్నేళ్ళు మన్నుతుందో చెప్పదు.

మన్నిక లెక్క కెపాసిటర్లలో ఉంది. సప్లైలోనూ మదరుబోర్డు మీదా ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపలి ద్రవం కాలక్రమాన ఆవిరైపోతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుందని ఇంజినీర్లు వాడే ఒక మోటు లెక్క. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేసే కెపాసిటరు 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు పనిచేస్తుంది. రోజుకు పది గంటల చొప్పున అది ఎనిమిదేళ్ళ పైచిలుకు. అదే కెపాసిటరు 75 డిగ్రీల వద్ద ఉంటే 16,000 గంటలు, అంటే నాలుగేళ్ళ నాలుగు నెలలు. అక్కడి గది 28 డిగ్రీలు, మన గది 38 డిగ్రీలు అనుకోండి. ఒకే పెట్టె అక్కడ ఎనిమిదేళ్ళు, ఇక్కడ నాలుగేళ్ళు! 2000 దశకం తొలి సంవత్సరాలలో నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతటా ఉబ్బి పగిలిన సంగతి మనలో పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. నా మొదటి కంప్యూటరు 2004లో కొన్నది. దాని బోర్డు మీద కూడా మూడేళ్ళకే కెపాసిటర్ల తలలు పూరీల్లా పొంగాయి.

అందుకే నా జాబితాలో మొదటి కొనుగోలు సప్లై. జపాను తయారీ 105 డిగ్రీల కెపాసిటర్లు, పదేళ్ళ వారంటీ ఉన్నది. కోర్సెయిర్ ఆర్ఎంఎక్స్ శ్రేణికి పదేళ్ళు, సీసానిక్ ప్రైమ్ శ్రేణికి పన్నెండేళ్ళు వారంటీ ఇస్తున్నారు. నా పెట్టె మొత్తం మూడు వందల వాట్లు మించి లాగదు. అయినా 750 వాట్ల సప్లై తీసుకుంటాను. సగానికి లోపు బరువు మోసేది చల్లగా ఉంటుంది, దాని ఫ్యాను కూడా అరిచి గోల చేయదు.

ఇక గొయ్యి. కేబినెట్టు ముట్టుకుంటే వేలు జిల్లుమనడం మన ఇళ్ళలో అందరికీ అనుభవమే. సప్లైలో ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య నుంచి రెండు చిన్న కెపాసిటర్లు చట్రానికి కలిపి ఉంటాయి. అవి చిందించే కాస్త విద్యుత్తు ఎర్తు తీగ గుండా నేలలోకి పోవాలి. ఎర్తు లేకపోతే చట్రం మీద సుమారు 115 వోల్టులు నిలుస్తాయి. కరెంటు స్వల్పమే గనుక మనిషి ప్రాణానికి ముప్పు రాదంటారు. కానీ చట్రానికి దారి లేదంటే పిడుగుపాటు ఉరవడికీ దారి లేదన్నమాటే. మూడు కాళ్ళ ప్లగ్గు పెట్టినంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. చాలా పాత ఇళ్ళలో ఆ మూడో రంధ్రం వెనుక తీగే ఉండదు! ఉన్న ఇళ్ళలో కూడా, ఉప్పూ బొగ్గూ పోసి పూడ్చిన గొయ్యి మే నెలకల్లా ఎండిపోయి ఉంటుంది. వారానికొక బిందెడు నీళ్ళు పోసేవారెవరు? అయిదు లక్షల పెట్టెకు కాపలా ఆ బిందెడు నీళ్ళేనంటే మేనల్లుడు నవ్వాడు. నవ్వనివ్వండి.

యూపీఎస్ గురించి రెండు మాటలు చాలు. చవకరకం యూపీఎస్ బ్యాటరీ మీదికి మారినప్పుడు మెట్లు మెట్లుగా ఉండే తరంగాన్నిస్తుంది. కొన్ని మంచి సప్లైలు దానిని ఒప్పుకోక టక్కున ఆగిపోతాయి. కనుక శుద్ధమైన సైనుతరంగం ఇచ్చేదే కొనాలి. దాని బ్యాటరీని మూడు నాలుగేళ్ళకొకసారి మార్చుకునే వస్తువుగానే లెక్కవేయాలి. ఎండ దానికీ శత్రువే.

ఇప్పుడు అసలు వివాదానికి వస్తాను. "పై మెట్టుది కొంటే నెమ్మదిగా పాతబడుతుంది గదా" అన్నది మేనల్లుడి వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. మా జిల్లాలో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు చూసినవారికి ఒక సంగతి తెలుసు. ఆ ఎద్దులకు పెట్టే మేత వేరు, చేసే సేవ వేరు. వాటిని అరకకు కట్టేవారు లేరు. ఏడాది పొడవునా దుక్కి దున్నేది ఇంకో జత. పై మెట్టు ప్రాసెసరు బండలాగుడు ఎద్దు. పోటీలో నాలుగు శాతం ముందుండటానికి దానిని తయారీదారు కొస దాకా లాగి అమ్ముతాడు. ఇంటెల్ పదమూడు, పద్నాలుగు తరాల ప్రాసెసర్లలో జరిగినది ఇదే కోవకు చెందుతుంది. అవసరానికి మించిన వోల్టేజి వల్ల అవి క్రమంగా దెబ్బతింటున్నాయని ఆ సంస్థ 2024 జులైలో ఒప్పుకుంది. ఆగస్టులో సవరణ విడుదల చేసి వారంటీని రెండేళ్ళు పొడిగించింది. సవరణ రాకముందే దెబ్బతిన్న ముక్కను ఆ సవరణ బాగుచేయలేదు. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల విద్యుత్ కనెక్టర్లు కొన్ని కరిగిన ఉదంతం కూడా ఇలాంటిదే. ఆ కార్డు లాగేది 450 వాట్లు. దాని తమ్ముడు 5090 లాగేది 575. మా ఊరి వేసవిలో, గదిలో అర కిలోవాటు పొయ్యి వెలిగించుకుని కూర్చోవడమన్నమాట.

సినిమాలు కూర్చేవారికీ, ఆటలు ఆడేవారికీ ఆ పొయ్యి అవసరమే. వారిని తప్పుపట్టను. నా పని వేరు. పాత పుస్తకాల స్కానింగూ, వాటి నుంచి అక్షరాలు రాబట్టడమూ, నిఘంటువు కూర్పూ. నాకు ఎనిమిది కోర్లు గల 65 వాట్ల ప్రాసెసరు చాలు. విడిగా గ్రాఫిక్సు కార్డే అక్కరలేదు.

ప్రాసెసరు కంటే అది కూర్చునే సాకెట్టు ముఖ్యం. ఏఎండీవారి ఏఎం4 సాకెట్టుతో 2017లో రైజెన్ బోర్డు కొన్నవారిలో చాలామంది, బయోసు మార్చుకుని, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని అదే బోర్డులో కూర్చోబెట్టారు. 2021లో వచ్చిన ఇంటెల్ ఎల్‌జీఏ1700 తరువాత 2024లోనే కొత్త సాకెట్టు వచ్చింది. 2022లో వచ్చిన ఏఎం5ను 2027 వరకూ, ఆ పైనా కొనసాగిస్తామని ఏఎండీ మాట ఇచ్చింది. అందుకే నా ఓటు దానికి. మాట తప్పితే మన చేతిలో ఏమీ లేదు, అది వేరే విషయం.

చల్లబరచడానికి నీళ్ళ ఏర్పాటు వద్దనే అంటాను. పంపు ఆగవచ్చు, గొట్టాల గుండా ద్రవం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తరిగిపోతుంది. పెద్ద లోహపు రెక్కల కూలరులో చెడేది ఫ్యాను ఒక్కటే. అది పోతే చవకగా మార్చుకోవచ్చు. కేబినెట్టుకు ముందు వైపు దుమ్ము జల్లెడ తప్పనిసరి. ర్యాము ఒకేసారి సరిపడా కొనేయండి. 2025 చివరలో ధరలు ఎలా ఎగబాకాయో చూశాం గదా, "తరువాత కలుపుకుందాంలే" అనుకున్నవారు ఇరుక్కున్నారు. ఉప్పుగాలికి కంప్యూటరు మొరాయించినప్పుడు ర్యాము తీసి రబ్బరుతో రుద్ది పెట్టే మా ఊరి వైద్యం ఎలాగూ ఉండనే ఉంది.

హార్డుడిస్కు, ఎస్ఎస్‌డీల దగ్గరికి వచ్చేసరికి నా వాదన తిరగబడుతుంది. అక్కడ మన్నికైనదే లేదు. రాతల మోతాదు తీరిపోయిన ఎస్ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది సమాచారం నిలిపితే చాలునన్నదే జెడెక్ ప్రమాణం. కొత్తది అంతకంటే చాలా ఎక్కువే నిలుపుతుంది, నిజమే. కానీ పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి, వేడెక్కిన ఇంట్లో కంప్యూటరును తాళం వేసి వచ్చే తలిదండ్రులు మన చుట్టూ ఎందరో! కనుక రెండు ప్రతులు ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో.

ఇది నేను పుస్తకాలలో చదివి చెబుతున్నది కాదు. మా నాన్నగారు పొగాకు బ్యారన్ల దగ్గరా, మిరప కల్లాల దగ్గరా జనం వాడే మాటలను చీటీల మీద రాసి పెట్టేవారు. ఆ చీటీలను మూడేళ్ళపాటు నేను ఎక్కించాను. 2007 వేసవిలో ఒక రాత్రి పిడుగుకు కంప్యూటరూ డిస్కూ కలిసిపోయాయి. ఎర్తు లేని ఇల్లు అది. సగం మాటలు ఒక సీడీలో మిగిలాయి గానీ, వాటిని యూనికోడుకు ముందటి ఖతిలో ఎక్కించాను. విండోసు ఎక్స్‌పీ 2001లోనే గౌతమి ఖతితో యూనికోడు తెలుగును తెచ్చినా, డీటీపీ అలవాటు నన్ను వదలలేదు. తెరిచి చూస్తే ఇంగ్లీషు అక్షరాల గిలుకలు. మార్పిడి పరికరాలతో చాలావరకు తిరిగి చదవగలిగాను. వత్తులు పడిపోయిన మాటలు కొన్ని ఇప్పటికీ ఊహకు అందవు. చీటీలు అప్పటికే చెదలపాలు. అడుగుదామంటే నాన్నగారు లేరు.

పెట్టె బాగానే ఉన్నా పైవాడు వద్దనడం కూడా ఒక చావే. 2017లో కొన్న ఏడో తరం ఐ7 ఇవాళ్టికీ చక్కగా నడుస్తుంది. విండోసు 11 దానిని ఒప్పుకోదు, విండోసు 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అలాంటి పెట్టెలకు లినక్సు వేసి పదేళ్ళ గీత దాటించవచ్చు. నేను కొత్తదానికి కూడా మొదటి రోజునుంచే అదే వేస్తాను.

మేనల్లుడు చివరికి సగం ఒప్పుకున్నాడు. సప్లై, బోర్డు రిచీ స్ట్రీటులో తనే చూసి తెస్తానన్నాడు. దీపాల ర్యాము మీద మాత్రం బేరం ఇంకా తెగలేదు. ఎలక్ట్రీషియను ఆదివారం వస్తానన్నాడు. కల్లుప్పు ఒక బస్తా, బొగ్గు రెండు బస్తాలు తెచ్చి వరండాలో పెట్టాను.