మార్పు సంగతి అమ్మానాన్నలకూ చెప్పండి

పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టు చేతికి రాగానే మన ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న ‘ఎన్ని మార్కులొచ్చాయి?’ రెండోది ‘క్లాసులో ఎన్నో ర్యాంకు?’ ఈ ప్రశ్నలడిగే తల్లిదండ్రులను తప్పుపట్టేవారు చాలామందే ఉన్నారు. నాకు అందులో వారి తప్పేమీ కనిపించదు. వారు చదువుకున్న రోజుల్లో బడి నుంచి ఇంటికొచ్చిన కబురు ఆ రెండంకెలే. ఆ తరవాత పాఠ్యపుస్తకం మారింది, పరీక్ష మారింది, రిపోర్టూ మారింది. ఎందుకు మారాయో తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పిన బడులు మాత్రం అరుదు. ప్రాథమిక విద్యలో మన సంస్కరణలు సగంలోనే చతికిలపడటానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పిల్లలకు ఎంత అర్థమైందో ఏడాది పొడవునా గమనిస్తూ ఉండాలని అందులోని 29వ సెక్షన్ చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో విద్యా ప్రణాళిక పరిధిపత్రం తయారుచేసుకుని, పుస్తకాలు మార్చి, నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని తెచ్చింది. ఫార్మేటివ్ పరీక్షలో నాలుగు భాగాలు పెట్టారు: తరగతిలో పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్టు. ఆలోచన మంచిదే. ఇంటికి మాత్రం ‘రేపటికి ప్రాజెక్టు తేవాలి’ అన్న కబురొక్కటే చేరింది. దాంతో చార్టు నాన్న కొన్నాడు, బొమ్మలు అక్క అంటించింది, పిల్ల బడికి మోసుకెళ్లింది. అటు టీచర్లకు రికార్డులు నింపడంతోనే పొద్దు గడిచింది. ఊరి చెరువు గురించి పెద్దవాళ్లను అడిగి, విన్నది తన మాటల్లో నాలుగు వాక్యాలు రాసినా అది ప్రాజెక్టేనని తల్లికి ముందే తెలిసుంటే ఆ చార్టు జోలికే వెళ్లేది కాదు.

పిల్లలు రాసింది చూసే తీరు మారితే ఏం లాభమో ఒక లెక్కతో చెబుతాను. 52లోంచి 27 తీసెయ్యమంటే ఒక బాబు 35 అని రాశాడనుకుందాం. ఇంటూ పడుతుంది, సున్నా మార్కులు. ఆ 35ను కాస్త నిదానంగా చూడండి. ఒకట్ల స్థానంలో 7లోంచి 2 తీశాడు, పదుల స్థానంలో 5లోంచి 2 తీశాడు. ఎక్కడైనా పెద్ద అంకెలోంచే చిన్నది తియ్యాలనుకున్నాడు. అంటే వాడికి తీసివేత వచ్చు. ఒక పదిని విప్పితే పది ఒకట్లు అవుతాయన్నదే ఇంకా తెలియలేదు. పుల్లల కట్ట చేతికిచ్చి, విప్పించి, లెక్కపెట్టిస్తే తెలుస్తుంది. సున్నా ఈ సంగతేదీ చెప్పదు. అది చూసి ఇంట్లో కోప్పడి మరో పది లెక్కలు చేయిస్తే, పదీ అదే తీరులో తప్పు చేస్తాడు. ఏడాది పొడవునా గమనించమని చట్టం అన్నది ఇలాంటి 35ను పట్టుకోవడానికే.

చదువు నేర్పే తీరు విషయంలోనూ ఇంతే. ఒకటో తరగతి తెలుగు వాచకంలో అక్షరాలు ఇప్పుడు వర్ణమాల వరుసలో రావు. బొమ్మలోంచి, పిల్లలకు తెలిసిన పదంలోంచి వస్తాయి. ‘మా వాడికి అ ఆలే నేర్పడం లేదు’ అని తల్లిదండ్రులు బాధపడతారు. పాఠం గడగడా అప్పజెప్పి, పక్క పేజీ తెరిస్తే ఆగిపోయే పిల్లలు మనకు తెలియనివాళ్లు కారు. తెలిసిన పదంతో మొదలుపెట్టడం ఆ కంఠస్థం చదువు తప్పించడానికి. ఈ మాట జూన్‌లోనే చెబితే తల్లికి బెంగ తీరుతుంది.

2020 జాతీయ విద్యావిధానం తరవాత 2021 జులైలో, చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలైంది. 2022లో తెలంగాణ అదే పనికి తొలిమెట్టు తెచ్చింది. నిపుణ్ లక్ష్యాలు ఏ ఇంట్లోనైనా పరీక్షించుకోదగ్గవి. ఒకటో తరగతి ముగిసేసరికి, ముందు చూడని పాఠంలోని నాలుగైదు పదాల చిన్న వాక్యం చదవాలి, 99 దాకా సంఖ్యలు రావాలి. రెండో తరగతికి 999 దాకా, మూడో తరగతికి 9999 దాకా రావాలి. చదివింది అర్థం కావాలి. దేశమంతటా ఈ లక్ష్యాలు చేరుకోవడానికి గడువు 2026-27. గ్రామాల్లో జరిపే అసర్ సర్వే ప్రకారం ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. మెరుగుపడ్డారు, సంతోషం. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు. ఇంత పెద్ద పని ఇల్లు కలిసి రాకుండా బడి ఒక్కదానివల్ల కాదు.

ఇప్పుడు ఎన్‌సీఈఆర్టీలోని పరఖ్ విభాగం రూపొందించిన సమగ్ర ప్రగతి పత్రం వస్తోంది. చిన్న తరగతుల పత్రంలో పిల్లల స్థాయికి వాగు, కొండ, ఆకాశం అని మూడు గుర్తులుంటాయి. పిల్లలు తమ గురించి తామే చెప్పుకునే చోటు, తోటి పిల్లలు చెప్పే చోటు, తల్లిదండ్రులు నింపే చోటూ ఉంటాయి. వివరం చెప్పకుండా చేతిలో పెడితే తల్లి ‘కొండ అంటే ఎన్ని మార్కులండీ?’ అని అడక్క ఏం చేస్తుంది? చార్టుల కథే మళ్లీ మొదలవుతుంది.

పాస్, ఫెయిల్ మీద ఉన్న గందరగోళమూ తీర్చాలి. విద్యాహక్కు చట్టానికి చేసిన 2019 సవరణ 5, 8 తరగతుల్లో వార్షిక పరీక్ష పెట్టాలంది. తప్పినవారికి అదనపు బోధనతోపాటు రెండు నెలల్లోపు మరో పరీక్ష ఇవ్వాలంది. ఆ తరవాత కూడా తప్పితే అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది రాష్ట్రాలకు వదిలింది. ఏ నిర్ణయమైనా, పిల్లవాడు వెనకబడ్డాడన్న మాట తల్లికి ఐదో తరగతి చివర తెలియడం అన్యాయం. రెండో తరగతిలోనే తెలియాలి.

ఇదంతా బడి దయతో చేసే పని కాదు. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి వివరించడం టీచరు విధి అని చట్టంలోని 24వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని 21వ సెక్షన్ అంటుంది. వేదిక ఉంది. అక్కడ యూనిఫాం, భోజనం, మరుగుదొడ్లతోపాటు చదువు సంగతీ మాట్లాడాలి.

అందుకు రెండు పనులు ఈ ఏడాదే జరగాలి. ఏ తరగతిలో పిల్లలకు ఏమేం రావాలో, రిపోర్టులోని ఏ గుర్తుకు ఏ అర్థమో తేటతెలుగులో ఒక్క పేజీ రాసి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ పాఠ్యపుస్తకం అట్ట లోపల అచ్చువేయాలి. ప్రైవేటు బడులూ ఇదే పని చేయాలి. ఇక తల్లిదండ్రులు సమావేశానికి వెళ్లినప్పుడు పిల్లల నోటు పుస్తకం తెరవమని అడగాలి. ‘మా పాపకు ఏం వచ్చింది? ఎక్కడ ఆగింది? ఇంట్లో మేమేం చేయాలి?’ ఈ మూడు ప్రశ్నలకూ సూటిగా జవాబు దొరికేదాకా కుర్చీలోంచి లేవకండి. అది మీ హక్కు.