ఉపవాసం వేరు, ఒళ్లు తగ్గించుకోవడం వేరు



శ్రమకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం మన క్యాజువాలిటీకి ఒక తల్లిని ఆమె కొడుకు ఆటోలో తీసుకువచ్చాడు. చీరంతా చెమటతో తడిసిపోయింది. మాట తడబడుతోంది, కొడుకునే గుర్తుపట్టడం లేదు. పక్షవాతం వచ్చిందని ఇంట్లోవాళ్లు ఏడుస్తున్నారు. వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 38. నరానికి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాలకే కళ్లు తెరిచి, "నేనిక్కడికి ఎప్పుడొచ్చాను సిస్టరమ్మా?" అని అడిగింది.

తరువాత నెమ్మదిగా విషయం బయటపడింది. బరువు తగ్గమని డాక్టరుగారు అంతకుముందే చెప్పారట. ఎలాగూ శ్రమకాలం వచ్చింది, పగలంతా తినకుండా ఉంటే ప్రార్థనా అవుతుంది, ఒళ్లూ తగ్గుతుంది అనుకున్నది. అన్నం మానింది గాని షుగర్ మాత్ర మానలేదు. పొద్దున్నే మంచినీళ్లతో వేసుకున్నది.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు మన క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మీరు తిన్నారా లేదా అని మాత్ర అడగదు. కడుపు ఖాళీగా ఉన్నా దాని పని అది చేసుకుపోతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. ఇన్సులిన్ వేసుకునేవారికీ ఇదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి భయం తక్కువ. అయితే చాలామందికి రెండు మందులూ కలిసిన మాత్ర ఇస్తారు. మీది ఏ మాత్రో చీటీ చూపించి అడగండి. మాత్రలు మీ అంతట మీరు మానేయడమూ తప్పే.

నేను ఉపవాస ప్రార్థనకు వ్యతిరేకిని కాను. మా అమ్మ ప్రతి శుక్రవారం ఉండేది. కాని దేవుని కోసం ఉండే ఉపవాసానికి బరువు మిషనుతో పనేమిటి? పైగా దానివల్ల బరువు తగ్గేదీ తక్కువే. పగలంతా మాడి, సాయంత్రం కూడిక అయ్యాక ఆకలి మీద రెండు పూటల అన్నం ఒకేసారి తినేవారిని ఎంతమందిని చూడలేదు! "దానియేలు ఉపవాసం చేస్తే సన్నబడతాం" అని ఈమధ్య కొందరు సహోదరీలు అంటున్నారు. మొదటి అధ్యాయం మళ్లీ చదవండమ్మా. పది దినాలు శాకాహారం తిన్న ఆ పిల్లలు మిగతావారికంటే పుష్టిగా కనిపించారనే అక్కడ ఉన్నది.

ఇక చపాతీ సంగతి. అన్నం మానేసి చపాతీ తింటే తగ్గుతామని అందరి నమ్మకం. వంద గ్రాముల బియ్యంలోనూ, వంద గ్రాముల గోధుమపిండిలోనూ ఇంచుమించు 340 క్యాలరీలే ఉంటాయి. రెండు చపాతీలతో ఆపినవారు తగ్గుతారు, అది తక్కువ తిన్నందువల్ల. ఒక్కో చపాతీకి చెంచా నూనె పోసి, అయిదు తిని, పైన బంగాళాదుంప కూర వేసుకుంటే ఏం తగ్గుతారు? చిన్న చెంచాడు నూనెలో 45 క్యాలరీలున్నాయి. మన ఇళ్లలో తాలింపుకు నూనె ఎవరు కొలిచి పోస్తారు గనుక! తేనె నిమ్మరసం కొవ్వును కరిగించదు, తేనె కూడా చక్కెరే.

అన్నం ఒక గరిటె తగ్గించి, కూర, పప్పు పెంచి, నూనె కొలిచి పోసి, రోజూ అరగంట చురుకుగా నడిస్తే వారానికి అరకిలో తగ్గినా మంచిదే. అంతకంటే త్వరపడవద్దు.

పాస్టరుగార్లకు నాదొక మనవి. ఉపవాస ప్రార్థన ప్రకటించేటప్పుడు, షుగర్ మందులు వాడేవారు, గర్భిణీలు ముందుగా డాక్టరును అడిగి రావాలని పల్పిట్ మీద నుండి ఒక్క మాట చెప్పండి. మేము ఆస్పత్రిలో వందసార్లు చెప్పినా వినని వారు మీ మాట వింటారు. ఎవరికైనా చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే, స్పృహ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకురండి. తేరుకున్నా ఇంటికి తీసుకుపోతామని తొందరపెట్టకండి. ఆ మాత్రల ప్రభావం వల్ల షుగర్ మళ్లీ పడిపోవచ్చు.

ఆ తల్లి రెండు నెలల తరువాత చెకప్‌కు వచ్చింది. మూడు కిలోలు తగ్గింది. "ఇంతేనా సిస్టరమ్మా?" అన్నది దిగులుగా. మూడు కిలోల బియ్యం సంచి చేత్తో ఎత్తి చూడమన్నాను.