మిరపకాయలతో కలిపి తూచిన న్యాయం

'సాంకేతిక కారణాలతో గంజాయి కేసు కొట్టివేత' అన్న వార్త పేపర్లో కనిపించగానే చాలామంది ఒకటే మాట అంటారు. పోలీసులు కష్టపడి పట్టుకుంటారు, లాయర్లు లొసుగులు వెతికి విడిపిస్తారు, అని. స్త్రీల సంఘాల్లో పనిచేసే మనలో కూడా ఈ మాట అనేవాళ్ళు తక్కువేమీ లేరు. ఆ మాటతోనే నా తగాదా. ఆ 'సాంకేతిక కారణాలు' లొసుగులు కావు. మాదకద్రవ్యాల చట్టం కింద పట్టుబడిన మనిషికి మిగిలిన రక్షణ అవొక్కటే.

మన హైదరాబాదు కేసే చూద్దాం. 2009 మే నెలలో సంగారెడ్డి నుంచి నగరానికి వస్తున్న ఒక వాహనాన్ని పోలీసులు ఆపారు. 80 కిలోల గంజాయి దొరికిందన్నారు. బండిలో ఉన్నవాళ్ళు పోలీసుల ముందు చెప్పారన్న మాటల మీద మరో ఇద్దరిని కూడా ముద్దాయిలుగా చేర్చారు. కింది కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. 2022లో హైకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. 2024 మార్చి 1న సుప్రీంకోర్టు కేసు మొత్తాన్నీ కొట్టేసింది.

ఎందుకు కొట్టేసిందో చదివితే ఒళ్ళు మండుతుంది. ఆ మూటల్లో గంజాయితో పాటు మిరపకాయలూ ఉన్నాయని ప్రాసిక్యూషన్ సాక్షులే చెప్పారు. వాటిని వేరుచేసి తూచినవాళ్ళు లేరు. అసలు పంచనామాలో మిరపకాయల ఊసే లేదు. అలాంటప్పుడు 80 కిలోల లెక్క ఎక్కణ్ణించి వచ్చింది? శాంపిళ్ళు మేజిస్ట్రేటు ముందు తీయలేదు. అవి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళి లాబొరేటరీకి చేరాయో నమ్మదగిన సాక్ష్యం లేదు. పంచనామా మీద సంతకాలు చేసిన పంచులను కోర్టుకే పిలవలేదు. లాబొరేటరీ రిపోర్టు చిత్తుకాగితంతో సమానమని సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత మాట చెప్పించుకోవడానికి ముద్దాయిలకు పదిహేనేళ్ళు పట్టింది. ఆ పదిహేనేళ్ళూ వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి ఎవరు వెలిగించారో, వాయిదాలకు డబ్బు ఎవరు అప్పు తెచ్చారో ఏ తీర్పులోనూ ఉండదు.

తూకంలో తేడా వస్తే అంత కొంప మునిగిందా అని అడగొచ్చు. మునుగుతుంది. 1985 నాటి ఈ చట్టంలో మనిషి బతుకు కాటా మీదే తేలుతుంది. గంజాయి కిలో లోపు ఉంటే ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ళు, పైన లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత కొసలూ కాయ కొసలూ మాత్రమే. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. మరి కాడలూ ఆకులూ గోనెసంచీ అన్నీ కలిపి కాటా మీద పడేస్తే పదిహేను కిలోలు ఇరవై రెండు కావడం ఎంతసేపు?

ఇరవై దాటిందంటే బెయిలు కూడా దాదాపు మూసుకుపోయినట్టే. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకు తోస్తేనే 37వ సెక్షన్ కింద బెయిలు వస్తుంది. విచారణ మొదలుకాక ముందే నిర్దోషినని చూపించుకోవాలన్నమాట. వస్తువు నీ దగ్గర దొరికిందంటే చాలు, అది ఏమిటో నీకు తెలుసనే చట్టం ఊహిస్తుంది. తెలియదని నువ్వే రుజువు చేసుకోవాలి, అదీ ఎలాంటి సందేహానికీ తావులేకుండా. హత్య కేసులో ముద్దాయికి కూడా ఇంత బరువు లేదు. ఇంత కఠినమైన చట్టం కాబట్టే ముందు అసలు సంగతులు పోలీసులే గట్టిగా రుజువు చేయాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. పంచనామా, సీలు, తూకం, మేజిస్ట్రేటు సంతకం ఇవే ఆ అసలు సంగతులు. వీటినే మనం 'సాంకేతికం' అని తోసిపారేస్తున్నాం.

ఇందులో స్త్రీల సంగతేమిటి? ఆడమనిషిని ఆడమనిషే సోదా చేయాలని 50వ సెక్షన్ చెబుతుంది. గెజిటెడ్ అధికారి ముందు గానీ, మేజిస్ట్రేటు ముందు గానీ సోదా కోరే హక్కు ఉందని ముందే చెప్పాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ 50వ సెక్షన్ ఒంటి మీది సోదాకే గానీ చేతి సంచికి వర్తించదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. మన్యం నుంచి మూటలు మోసుకొచ్చే కూలి ఆడవాళ్ళ దగ్గర వస్తువు ఉండేది సంచిలోనే కదా! మూట కట్టినవాడు ఎవడో, దింపుకోవలసినవాడు ఎవడో ఆమెకు తెలియకపోవచ్చు. దొరికేది మాత్రం ఆమె. పంట కొన్నవాడూ, పెట్టుబడి పెట్టినవాడూ 'పరారీలో ఉన్న ముద్దాయి' అన్న మాట వెనక హాయిగా దాక్కుంటారు.

ఇంకో విచిత్రం చూడండి. మామూలు నేరాల్లో స్త్రీ అన్న కారణంతో కోర్టు బెయిలు ఇవ్వొచ్చు. కోట్ల రూపాయల నల్లధనాన్ని తెల్లగా మార్చిన కేసుల్లో వాడే మనీలాండరింగ్ చట్టంలో సైతం స్త్రీలకు బెయిలులో మినహాయింపు ఉంది. మాదకద్రవ్యాల చట్టంలోని 37వ సెక్షన్‌లో అలాంటి మాటే లేదు. కోట్లు దాటించిన ఆవిడ మీద చట్టానికి దయ ఉంది, సంచి మోసిన ఆవిడ మీద లేదు!

మరి తప్పుడు సోదా చేసిన అధికారికి ఏం శిక్ష? 58వ సెక్షన్ కింద ఆరునెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. సంచి మోసిన మనిషికి పదేళ్ళు, ఆమెను అన్యాయంగా ఇరికించినవాడికి వెయ్యి రూపాయలు. పైగా ఫిర్యాదు చేసిన అధికారే దర్యాప్తు కూడా చేయకూడదని 2018లో వచ్చిన తీర్పు ఎక్కువ కాలం నిలవలేదు. 2020లో రాజ్యాంగ ధర్మాసనం, ఆ ఒక్క కారణంతో కేసు చెల్లకుండా పోదని చెప్పింది.

'సారా మీద పోరాడిన మనం గంజాయి వాళ్ళను వెనకేసుకొస్తామా?' అని కొందరు అడుగుతారు. మత్తు ఎన్ని ఇళ్ళను కూల్చిందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు అడ్డుకున్నది సారా వేలంపాటలను. వాళ్ళు నిలదీసింది కాంట్రాక్టర్లనూ, ఆ ఆదాయం మీద బతికిన ప్రభుత్వాన్నీ. కూలిమనిషిని పట్టుకుని లెక్క సరిపెట్టమని ఆ ఉద్యమం అడగలేదు. దర్యాప్తు సరిగ్గా జరిగితే తాడు మొదటి కొస దాకా వెళ్ళాల్సివస్తుంది. చెత్త దర్యాప్తు వల్ల లాభపడేది ఆ కొసన ఉన్నవాడే.

చెత్త దర్యాప్తు ఒక్క గంజాయి కేసుల జబ్బూ కాదు. గుజరాత్‌లో ఆరేళ్ళ పాప మీద అత్యాచారం చేసి చంపిన కేసులో ముద్దాయి విడుదలను 2014 జనవరిలో సుప్రీంకోర్టు ఖాయం చేయాల్సి వచ్చింది. కారణం, లోపాల పుట్ట లాంటి దర్యాప్తే. అమాయకురాలిని జైల్లో పెట్టేదీ, పాపను చంపినవాడు ఎవడో తేలకుండా చేసేదీ ఒకే నిర్లక్ష్యం. కేసు కొట్టేసిన ప్రతిసారీ లోపం ఎవరిదో తేల్చడానికి సీనియర్ అధికారుల కమిటీ ఉండాలనీ, తప్పు చేసిన అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలనీ ఆ తీర్పులోనే అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

కాబట్టి మనం చేయాల్సింది ఉంది. ఆ కమిటీ మన జిల్లాలో ఎన్నిసార్లు కూర్చుంది, ఎవరి మీద చర్య తీసుకుంది అని సమాచార హక్కు కింద అడుగుదాం. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ప్రతి కేసులోనూ ఆ వీడియో ఎక్కడ అని లాయరు చేత అడిగిద్దాం. స్త్రీలకూ కస్టడీలో ఉన్నవారికీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు అని జైల్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలియజేద్దాం. 37వ సెక్షన్‌లో స్త్రీలకు మినహాయింపు కోసం గొంతెత్తుదాం.

పదిహేనేళ్ళ తర్వాత వచ్చిన విడుదలను న్యాయం గెలిచిందని సంబరపడటానికి నేను సిద్ధంగా లేను. మూట విప్పి మిరపకాయలు పక్కనపెట్టి తూచడానికి అరగంట చాలు. ఆ అరగంట పని చేయనివాడు జవాబు చెప్పే రోజు రావాలి.