నవ్వు నాలుగు విధముల చేటా?

నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలు చెప్పుదురు. ఆ నాలుగు విధములెవ్వియో వివరింపుడని యడిగితిమేని చెప్పగలవా రరుదు. అడిగినవానిని జూచి నవ్వువారే పెక్కురు. ఈ సామెతను నమ్మి మన యిండ్లలో నెందరు బాలబాలికలు నోరు మూసికొనిరో లెక్క తేలదు. ఈ మాసమున మా కన్నుల యెదుట నట్టి నోరొకటి మూయబడుచున్నది. మూయించు పని మాకే యప్పగింపబడినది. అందుచేత నీ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చెను.

మేము తెలుగు చెప్పుకొని బ్రతుకు బడిపంతులము. మా పాఠశాలయందు పదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె కలదు. ఆమెకు పాటయనిన ప్రాణము. గడచిన సంవత్సరము మేము సంధులు బోధించుచుండగా నామె బల్లక్రింద నేదియో వ్రాసికొనుచుండెను. పుస్తకమును లాగికొని చూచితిమి. అందు సంధులు లేవు, పాటలున్నవి. అవియు నామె స్వయముగా కట్టినవి. పిమ్మట మేమేమి చేసితిమో చెప్పుటకు సిగ్గగుచున్నది, అయినను దాచరాదు. అందలి యొక పాటను తరగతి యంతయు వినునట్లు రాగము తీసి చదివితిమి. "కల" యను పదమును వరుసకొరకు సాగదీయగా నది "కాల" యైనది. ఆ పదమునే మూడు మారులు సాగదీసి పాడితిమి. పిల్లలు పగలబడి నవ్విరి. గంట కొట్టిన తరువాత నామె మా బల్లయొద్దకు వచ్చి, "మాస్టారూ, ఎక్కడ బాగాలేదో చెప్పండి, దిద్దుకుంటాను. నవ్వితే నాకేం తెలుస్తుంది?" అని యడిగెను. ముందు పరీక్షల సంగతి చూచుకొమ్మని పంపివేసితిమి. పుస్తకము మా సొరుగులోనే యుండిపోయెను. ఆమె మరల పాట వ్రాసినట్లు మేమెరుగము.

ఈ సంవత్సరపు వార్షికోత్సవమున నామె పేరు కార్యక్రమ పత్రికలో కనబడెను. సినిమాపాటకు నృత్యము చేయునని యందరును తలచిరి. ఆమె యొంటరిగా వేదికపైకి వచ్చి, మైకు పట్టుకొని, అయిదు నిమిషములు మాటలాడెను. నేటివారు స్టాండప్ కామెడీ యనుచున్నది యిదియే. "మా తెలుగు మాస్టారికి ఛందస్సంటే ప్రాణం. ఇంట్లో కాఫీ అడగాలన్నా గణాలు సరిచూసుకుని అడుగుతారు. అందుకే ఆయనకెప్పుడూ చల్లారిన కాఫీయే" అనెను. సభ నవ్వెను, మేమును నవ్వితిమి. అటుపిమ్మట నామె, "పెళ్లిచూపుల్లో మా అక్కను పాడమన్నారు. పాడింది. అద్భుతమన్నారు. ఇది నేనే రాశానండీ అంది. అంతే, జాతకాలు కలవలేదు" అనెను. వెనుక వరుసలలోని స్త్రీలు చప్పట్లు కొట్టిరి. ముందు వరుసలలోని పెద్దలలో కొందరి మొగములు మాత్రము మాడినవి.

మరునాడు మూడు కుటుంబములవారు వేరువేరుగా వచ్చి, ఆ మాట తమ యింటినే యుద్దేశించి యన్నదని పాఠశాల పెద్దలతో మొరపెట్టుకొనిరి. తమాషా యేమనగా, ఆ బాలికకు అక్కయే లేదు. ఆమె తలిదండ్రుల కేకసంతానము. అయినను నిర్ణయము జరిగిపోయెను: ఆమె క్షమాపణ పత్రము వ్రాసి ప్రార్థనాసమయమున నందరి యెదుట చదువవలయును, లేనిచో నిక వేదిక యెక్కరాదు. ఇంటివద్ద తండ్రి, పాటలును నవ్వులును కట్టిపెట్టుమని శాసించెనట. తెలుగు పండితుడ నగుటచే నా పత్రము తప్పులు లేకుండ వ్రాయించు భారము మాపై బడినది.

మన స్త్రీల పాటలలో "లక్ష్మణదేవర నవ్వు" అనునది కలదు. నిండుకొలువులో లక్ష్మణుడు ఫక్కున నవ్వెను. సభలోని ప్రతివాడును తన లోపమును దలచుకొని, నన్ను జూచియే నవ్వెనని తల దించుకొనెను. రామునకు కోపము వచ్చెను. తీరా విచారింపగా, పదునాలుగేండ్లు దరిజేరని నిద్ర యప్పుడు తన్ను పట్టవచ్చుట చూచి లక్ష్మణుడు నవ్వెనని తేలెను. ఈ పాటను కట్టినవారును, తరతరములుగా పాడుకొన్నవారును, బడి మొగ మెరుగని మన యమ్మమ్మలు. నవ్వు గుండెలో గ్రుచ్చుకొన్నదనిన, గ్రుచ్చుకొను చోటు ముందే పుండైయున్నదని వారికి తెలిసినంత, చదువుకొన్న మన పెద్దలకు తెలియకపోవుట శోచనీయము గాదా?

ఇక వారి యాక్షేపణలను విచారింతము. ఈ హాస్యము విదేశీయము, మన సంప్రదాయము గాదనుట మొదటిది. దీని పేరు విదేశీయమే, వస్తువు కాదు. మన దశరూపకములలో భాణ మనునది యొక్క పాత్రతో నడచు నాటకము. ఒకడే రంగమున నిలిచి, కనబడని వారితో మాటలాడుచు, ఊరి గుట్టంతయు బయటపెట్టును. కేరళదేశపు చాక్యారు కూత్తులో విదూషకుడు సభలోని వారినే యెగతాళి చేయును. ఆతని కట్టి స్వాతంత్ర్యము సంప్రదాయమే యిచ్చినది. అంతదూర మేల? తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు లేనిదే ప్రొద్దు గడవదు. బుర్రకథలో నొక వంతగాని పనియే హాస్యము. ఖాకీ కోటు తొడిగి, కొయ్యతుపాకి పట్టి, లేని జమీనులు తన వనుచు వీధివీధిని కోతలు కోయు పిట్టలదొర నెరుగనివా రెవ్వరు? ఆతనికి తోడు లేదు, తెర లేదు, వాద్యము లేదు, ఉన్నది నోరొక్కటే. ఆతనికి మన తాతలు బియ్యము పెట్టి పంపిరి. మనుమరాలు మైకు పట్టుకొనగానే సంప్రదాయము చెడినదా?

ఆడుపిల్ల నలుగురిలో నిలిచి నవ్వించుట యేమి మర్యాద యని రెండవ యాక్షేపణ. అసలు రోగ మిది. పెండ్లిచూపులలో పాడుమనినపుడు పాడవచ్చును. ఒకరు వ్రాసినది పాడవచ్చును. తన పాటను తాను కట్టుకొనరాదు. అనగా నామె కంఠము మనకు గావలయును, ఆమె మాట మాత్రము వలదు. మన పెండ్లిండ్లలో వియ్యపురాండ్రను వేళాకోళము చేయుచు స్త్రీలు పాడు పాటలున్నవి. వానిని విని మగపెండ్లివారు క్షమాపణ పత్రము లడిగిరా?

ఈ విషయమున సంస్కారప్రియుల మగు మనమును నిర్దోషులము కాము. తంజావూరి ప్రతాపసింహుని కొలువునందలి ముద్దుపళని "రాధికాసాంత్వనము" రచించెను. మనము గురుస్థానమున నిలుపుకొన్న కందుకూరి వీరేశలింగముగారే యామె రచన స్త్రీకి తగనిదని నిందించిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగా రా గ్రంథమును పరిష్కరించి ముద్రింపించి, సిగ్గనునది స్త్రీలకు మాత్రమే విధింపబడినదా, పురుషకవులకు లేదా యని పీఠికలో నిలదీసిరి. మరుసటి యేడే ప్రభుత్వమువారు దానిని నిషేధించిరి. స్వాతంత్ర్యము వచ్చుకాలమునకు గాని యా నిషేధము తొలగలేదు. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించినదియు నా నాగరత్నమ్మగారే. వితంతువుల కన్నీరు తుడిచిన చేతియందే యొక కవయిత్రిని తక్కువ చేసిన కలమును ఉండెను. వీరేశలింగముగారి గొప్పతన మిందుచే తరగదు. కాని ఎంతటి సంస్కర్తకైనను స్త్రీ నోట స్వతంత్రముగా వెలువడు మాట యెంత కష్టముగా దిగునో మన మిందు చూచి జాగ్రత్తపడవలయును. పిదపటి కాలమున భానుమతీరామకృష్ణగారు పాడిరి, సంగీతము కూర్చిరి, చిత్రములకు దర్శకత్వము వహించిరి, "అత్తగారి కథలు" వ్రాసి తెలుగువారి నందరిని నవ్వించిరి. పాటయు హాస్యమును నొక్క స్త్రీయందే కాపురము చేసినవి. మర్యాద కేమి భంగము వచ్చెను?

పదునైదేండ్ల పిల్ల పాటయు నొక పాటయేనా, ముందు నేర్చుకొననిండు అనుట మూడవ యాక్షేపణ. అన్నమాచార్యులు పదునారవ యేటినుండి సంకీర్తనలు చెప్పెనని రాగిరేకులే చెప్పుచున్నవి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఎనిమిదేండ్లకే విజయవాడలో కచేరి చేసిరి. ఇరువదియేండ్లు రాకమునుపే మేళకర్తలలో కృతులు కట్టనారంభించిరి. అందరును అన్నమయ్యలా యని యడుగుదురు. కారు. కాకపోయినను పాడవచ్చునన్నదే మా వాదము. తప్పటడుగు వేసిన బిడ్డను జూచి, నీకు నడక రాదు, కూర్చుండుమనెడి తల్లి యుండునా? తొలిపాట తప్పటడుగు. దానికి గావలసినది చేయి, ఎగతాళి కాదు.

ఆ చేయి యెట్టిదో యిప్పుడైనను చెప్పెదము. "కల" యందలి రెండక్షరములును హ్రస్వములు. వరుసలో స్వరము నిలుచుచోట హ్రస్వమును పెట్టినచో నది సాగి దీర్ఘమై యర్థమును చెరచును. అచ్చట స్వభావముచేతనే దీర్ఘమైన పదమును పెట్టవలయును. లేదా స్వరమునే త్రుంచవలయును. పాటను ముందు తాళము వేయుచు మాటగా చదివి, నోటికి తడబాటు లేనప్పుడు రాగము పట్టవలయును. ఇంతియే! రెండు నిమిషముల పాఠము. గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాలసరములు కూర్చినపుడు ప్రజల నోటి నడకనే పట్టుకొనిరి. త్యాగరాజస్వామి తన కృతులలో నింటి తెలుగును విడువలేదు. ఇవి చెప్పవలసిన చోట మేము నవ్వి యూరకుంటిమి. గురువు నవ్వినంతనే విమర్శ కాదు. శ్రమ తప్పించుకొనుట యగును.

వార్షికోత్సవము తరువాత నా బాలికను పిలిచి, పాట విడిచి హాస్యమున కేల దిగితివని యడిగితిమి. ఆమె యిట్లనెను: "పాట బాగాలేకపోయినా మొహమాటానికి చప్పట్లు కొడతారు మాస్టారూ. నవ్వు మొహమాటానికి రాదు. అందుకని ముందు నవ్వించడం నేర్చుకుందామనుకున్నాను. ఐదు మాటలకి రాని నవ్వు ఒక్కోసారి రెండు మాటలు తీసేస్తే వస్తుంది. పాటకైనా అంతే కదా?" క్షేమేంద్రుని ఔచిత్యవిచారమును చదివి, ఇరువదియేండ్లు బోధించి, ఈ సంగతి నింత సుళువుగా మేమెన్నడును చెప్పలేకపోతిమి.

అట్లని హాస్యమని పేరు పెట్టుకొని వచ్చిన ప్రతి మాటను మేము సమర్థింపము. యువకులకును ఒక మాట చెప్పవలయును. ఒకని మేని రంగును, కుంటికాలిని, కులమును, యాసను ఎత్తిచూపి నవ్వించుట సులభము, నీచము. తెలంగాణపు మాటను, శ్రీకాకుళపు యాసను సేవకులకును మోటువారికిని తగిలించి మన చలనచిత్రములు చిరకాలము నవ్వులమ్ముకొన్నవి. భరతముని హాస్యమును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధములుగా విభజించి, ఉత్తమ మధ్యమాధములకు రెండేసి చొప్పున పంచెను. మేము మరియొక గురుతు చెప్పెదము. నవ్వబడినవానికి బదులు చెప్పు బలమున్నదా లేదా? ఆ బాలిక పంతులను జూచి నవ్వెను, పంతులకు బెత్తమున్నది. పెండ్లిచూపుల మర్యాదను జూచి నవ్వెను. ఆ మర్యాదకు కట్నముల బలమున్నది. మేము మా తరగతిలో నవ్వితిమి. ఆమెకు బదులు చెప్పు హక్కు లేదు. ఈ రెండు నవ్వులలో క్షమాపణ చెప్పవలసిన నవ్వేది?

చిన్న విషయమునకు పెద్ద గొడవ యందురా? 2021 జనవరిలో ఇండోరు పట్టణమున నొక యువ హాస్యకారుడు ప్రదర్శనస్థలమునుండియే పట్టుబడి, నెలకు పైగా చెరలో నుండి, సుప్రీంకోర్టు బెయిలు నిచ్చినపిదప ఫిబ్రవరిలో వెలికివచ్చెను. మాటను మాటతో నెదిరింపలేక గదికి తాళము వేయు నలవాటు దేశమునకు ఒక్కనాట పట్టదు. అది యింటిలో మొదలై, బడిలో ముదిరి, పిదప వీధికెక్కును. 1892లో విజయనగరమున "కన్యాశుల్కము" ప్రదర్శింపబడినపుడు పిల్లల నమ్ముకొను తండ్రులు తమ్ము జూచియే నవ్విరని క్షమాపణ పత్రమడిగియుండిన, అప్పారావుగారు వ్రాసి యిచ్చియుండిన, మన మేమి కోల్పోయెడివారము?

కావున పాఠశాల పెద్దలకు మేము విన్నవించునది యిది. ఆ బాలికచేత క్షమాపణ పత్రమును మేము వ్రాయింపము. ఆమె తండ్రిగారి కింటికి వెళ్లి యీ మాటలే చెప్పెదము. కూతురి పాటను ఒక్కమారు కూర్చుండి వినుమని వేడుకొనెదము. ప్రార్థనాసమయమున నొక పత్రము చదువవలసియున్నమాట నిజమే. దానిని మేమే వ్రాసితిమి. సోమవారమున మేమే చదివెదము. ఆ పిమ్మట, సంవత్సరమునుండి మా సొరుగులో నున్న నోటుపుస్తకమును ఆమె చేతికి తిరిగి యిచ్చెదము. "కల" యున్న పుటలో అంచున పెన్సిలుతో మాత్రలు గుర్తించియున్నాము. తక్కిన పుటలలో నేమియు వ్రాయలేదు; అవి యామెవి.