ఎవరో ఒకరు వెళ్ళి ఆపకూడదూ?

టీవీలో ఏ సిరియానో, యెమెనో, సూడానో చూపిస్తున్నప్పుడు, కూలిన గోడల మధ్య నుంచి చంటిపిల్లని ఎత్తుకుని పరుగెత్తే తల్లి కనపడగానే మన ఇళ్ళలో అప్రయత్నంగా ఒక మాట వస్తుంది. "ఎవరో ఒకరు వెళ్ళి ఆపకూడదూ?" అని. ఈ మాట ఎక్కువగా అనేది ఆడవాళ్ళమే. మగవాళ్ళ చర్చ వేరుగా ఉంటుంది. ఏ రేవు ఎవరి చేతిలో ఉంది, చమురు సంగతేమిటి, ఎవరి విమానాలు గొప్పవి, ఇలా సాగుతుంది. మనది అంత దూరం పోదు. కొట్టుకుంటున్న వాళ్ళని విడదీయాలి, అంతే.

అందులోని జాలిని నేను తప్పుపట్టను. కానీ ఆ "ఎవరో ఒకరు" నిజంగానే తుపాకులు పట్టుకుని వెళితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా వాళ్ళ కథలే వెతుక్కోనక్కర్లేదు. మనమే వెళ్ళాం. 1987లో, శ్రీలంకకి. 1971 బంగ్లాదేశ్ యుద్ధం గురించి పిల్లలకి గొప్పగా చెప్పుకుంటాం గానీ ఈ కథ ఎత్తం. శ్రీపెరుంబుదూరులో 1991 మే 21 రాత్రి జరిగిన ఘోరం అందరికీ గుర్తే. దానికి ముందు జరిగినదే ఎవరికీ పట్టదు.

1983 జులైలో కొలంబోలో తమిళుల ఇళ్ళు, దుకాణాలు తగలబెట్టారు. మనుషుల్ని చంపారు. వేలాది మంది సముద్రం దాటి తమిళనాడు చేరారు. అప్పుడు మన దేశం చేసిన పనులు రెండు. ఒకటి, శరణార్థులకి నీడ ఇవ్వడం. రెండోది గుట్టుగా జరిగింది. అక్కడి తమిళ యువకులకి ఇక్కడ ఆయుధ శిక్షణ ఇప్పించడం. ఒకవైపు మధ్యవర్తిగా కూర్చుని మాట్లాడుతూ, మరోవైపు ఒక పక్షం చేతికి కర్ర అందించామన్నమాట. మన వీధిలో ఏ పెద్దమనిషైనా ఇలా చేస్తే రెండోసారి ఆయన్ని తగువు తీర్చమని పిలుస్తామా?

1987 నాటికి జాఫ్నాని లంక సైన్యం దిగ్బంధం చేసింది. తిండిగింజలు కూడా సరిగా అందని స్థితి. మన వాళ్ళు పడవల్లో ఆహారం పంపితే లంక నౌకాదళం వెనక్కి తిప్పేసింది. దాంతో జూన్ 4న మన విమానాలు వెళ్ళి ఆకాశం నుంచి ఆహారపు మూటలు జారవిడిచాయి. ఆకలిగా ఉన్నవాళ్ళకి అన్నం పెడితే కాదనేదెవరు? ఆ వార్త విని ఇక్కడ సంతోషించని వాళ్ళు తక్కువ. అయితే ఆ మూటలు పడిన రెండు నెలల్లోపే మన సైనికులు జాఫ్నాలో దిగారు. అన్నానికీ తుపాకీకీ మధ్య అంతే దూరం ఉంది చూడండి.

జులై 29న కొలంబోలో ఒప్పందం మీద రాజీవ్ గాంధీ, జయవర్ధనే సంతకాలు చేశారు. ఊళ్ళో కర్ఫ్యూ. మర్నాడు గౌరవ వందనం తీసుకుంటున్న మన ప్రధానిని ఒక లంక నావికుడు తుపాకీ మడమతో కొట్టబోయాడు. దాన్ని బట్టే తెలియాలి అక్కడి గాలి ఎటుందో. ఇంతకీ ఆ కాగితం మీద యుద్ధం చేస్తున్న పులుల సంతకం లేదు. యుద్ధం భరిస్తున్న జనం సంతకం అసలే లేదు. అయినా పులుల చేత ఆయుధాలు దింపించే పని మన సైన్యం నెత్తిన పడింది.

మొదట్లో జాఫ్నా జనం మన వాళ్ళకి దండలు వేశారు. అక్టోబరు వచ్చేసరికి అదే ఊళ్ళో వీధి వీధికీ యుద్ధం. మనం శిక్షణ ఇచ్చిన కుర్రాళ్ళే మన జవాన్లని కాల్చారు. మన జవాన్లలో చాలామందికి అక్కడి భాష రాదు. ఎవరు పులో, ఎవరు పాలు కొనుక్కోవడానికి వచ్చిన మనిషో తెలియదు. అక్టోబరు 21 దీపావళి. ఆ రోజు మన సైనికులు జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడి జరిపిన కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి తమ మీద కాల్పులు జరిగాయని సైన్యం చెప్పింది. అక్కడ బతికి బయటపడిన వాళ్ళు వేరే చెప్పారు. మంచం మీదున్న రోగికి ఈ రెండు మాటల మధ్య తేడా ఏముంటుంది?

ఆడవాళ్ళ మీద జరిగిన అత్యాచారాల సంగతి రాయడానికి ఒక ఆడదే పూనుకోవాల్సి వచ్చింది. డాక్టర్ రజనీ తిరణగామ జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ పాఠాలు చెప్పేది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఇల్లిల్లూ తిరిగి, బయటికి చెబితే పరువు పోతుందని నోరు నొక్కుకున్న ఆడవాళ్ళ చేత మాట్లాడించింది. మన సైన్యం చేసినదీ రాసింది, లంక సైన్యం చేసినదీ రాసింది, పులులు చేసినదీ దాచలేదు. ఒకప్పుడు పులుల వైపు ఉన్న మనిషే. 1989 సెప్టెంబరు 21న సైకిలు మీద ఇంటికి వెళుతుంటే కాల్చి చంపారు. ముప్పై అయిదేళ్ళు. చంపింది పులులేనని ఆమె సహచరులూ, కుటుంబం వారూ చెబుతూనే వచ్చారు. ఎవరి పక్షమూ వహించని వాళ్ళని తుపాకీ పట్టిన వాళ్ళెవరూ సహించరు కాబోలు.

ఇది ఉత్తరాన. దక్షిణాన సింహళ ప్రాంతంలో ఇంకో మంట లేచింది. భారత సైన్యం దేశంలో కాలు పెట్టిందన్న కోపాన్ని జె.వి.పి. అనే పార్టీ అందిపుచ్చుకుని తిరుగుబాటు లేవదీసింది. మన సరుకులు అమ్మకూడదని దుకాణాల వాళ్ళని బెదిరించింది. అక్కడ పెద్ద ఉల్లిపాయని బొంబాయి ఉల్లి అనీ, ఎర్రపప్పుని మైసూరు పప్పు అనీ అనేవారు. ఆ పేర్లతో అమ్మడానికి కూడా భయపడ్డారట. దేశాల తగువు చివరికి పోపులపెట్టె దాకా వస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ తిరుగుబాటులోనూ, దాన్ని అణచడంలోనూ వేలమంది యువకులు మాయమైపోయారు. శాంతి కోసం వెళ్ళిన సైన్యం వల్ల ఒక యుద్ధం కాస్తా రెండయింది. పోనీ, పిలిచిన ప్రభుత్వమైనా మనతో నిలిచిందా అంటే అదీ లేదు. జయవర్ధనే తర్వాత వచ్చిన ప్రేమదాస మన సైన్యాన్ని పొమ్మనడమే కాదు, మనవాళ్ళ మీద వాడడానికి పులులకే ఆయుధాలు అందించాడు.

మన వైపు సుమారు 1,200 మంది జవాన్లు పోయారు. ఒక దశలో డెబ్భై వేలు దాటిన సైన్యం అది. వాళ్ళ పేరు శాంతి పరిరక్షక దళం. భర్త శాంతి కాపాడడానికి వెళుతున్నాడనుకుని సామాను సర్ది పంపిన భార్యలకి చావు కబురు వచ్చింది. యుద్ధమని చెబితే ఆ గుండె కాస్తయినా సిద్ధపడేదేమో! ఢిల్లీలో ప్రభుత్వం మారి, మన ఎన్.టి.ఆర్. అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ ఫ్రంట్ తరఫున వి.పి. సింగ్ ప్రధాని అయ్యాక, 1990 మార్చిలో చివరి దళం తిరిగొచ్చింది. మద్రాసు రేవులో వాళ్ళకి స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. తమిళుల్ని చంపి వచ్చిన సైన్యానికి నేను స్వాగతం చెప్పనన్నది ఆయన వాదన. ఆయన బాధ ఆయనది. కానీ జవాను తనంత తానుగా టికెట్ కొనుక్కుని వెళ్ళాడా? పంపిన పెద్దల్ని అడగాల్సింది ఓడ దిగిన కుర్రాడిని అడిగాం. నేను కోపగించుకునేది ఇక్కడే.

అలాగని ఎవరూ ఎక్కడికీ వెళ్ళకూడదని గుడ్డిగా అనలేను. 1994లో రువాండాలో ఊచకోత మొదలైనప్పుడు, అక్కడున్న తన దళాన్ని ఐక్యరాజ్యసమితి పెంచాల్సింది పోయి 270 మందికి కుదించింది. మూడు నెలల్లో సుమారు ఎనిమిది లక్షల మందిని చంపేశారు. వెళ్ళకపోవడం కూడా పాపమే అవుతుంది ఒక్కోసారి. 1971 మాటకొస్తే, అప్పుడు కోటి మంది శరణార్థులు మన గడప తొక్కారు. ఎన్నికల్లో గెలిచిన వాళ్ళకి అధికారం ఇవ్వకుండా చంపుతుంటే అక్కడి జనమే రమ్మన్నారు. పని అయ్యాక 1972 మార్చికల్లా మన సైన్యం తిరిగొచ్చేసింది. లంకలో రెండేళ్ళ ఎనిమిది నెలలు ఉంది. ఎవరు రమ్మన్నారు, ఎప్పుడు తిరిగొస్తాం, ఎవరి మీద తుపాకీ ఎత్తాల్సి వస్తుంది? పంపే ముందు పార్లమెంటులో గట్టిగా అడగాల్సినవి ఇవి. దేశభక్తి పేరు చెప్పి వీటిని వాయిదా వేస్తే ఆ బాకీ ఎవరో ఆడదాని ఇంటికి వెళుతుంది.

ఆ ఒప్పందం వల్ల మంచే జరగలేదా అంటే, రాష్ట్రాలకి కౌన్సిళ్ళు ఇస్తూ లంక రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది. అది కొంత మేలే. ఉత్తర ప్రాంతం వాళ్ళు ఆ కౌన్సిలుకి ఓటు వేసింది మాత్రం 2013లో.

మట్టక్కళప్పులో అన్నై పూపతి అని ఒకావిడ ఉండేది. పదిమంది బిడ్డల తల్లి. వాళ్ళలో ఇద్దరు కొడుకుల్ని లంక సైన్యం పొట్టన పెట్టుకుంది. ఆవిడ 1988 మార్చి 19న అక్కడి మామాంగేశ్వరుడి కోవెల దగ్గర నిరాహారదీక్షకి కూర్చుంది, మన సైన్యాన్ని ఉద్దేశించి. తర్వాత పులులు ఆవిడ పేరుని తమ ప్రచారానికి బాగా వాడుకున్నారు, అది వేరే సంగతి. ఆవిడ అడిగినవి రెండే. కాల్పులు ఆపండి, వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. నెల రోజులు మంచినీళ్ళతో గడిపి ఏప్రిల్ 19న కన్నుమూసింది. మన సైన్యం ఆ తర్వాత ఇంకో రెండేళ్ళ దాకా అక్కడే ఉంది.