షేర్ల లెక్క మనకెందుకంటారా?

మొన్న మా గోపన్‌పల్లి మీటింగులో ఒక పెద్దమనిషి లేచి నిలదీశాడు: "ఇంజనీరు చదివించింది ఇందుకా సారూ? పిలగాడు సాఫ్ట్‌వేర్ కొలువు ఇడిసిపెట్టి షేర్ల కంపెనీకి పోతడంట. గది జూదం గాదా?"

ఆ పిలగాడు నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడు. తల్లి అపార్టుమెంట్లలో పాచిపని చేసి చదివించింది. కాబట్టి జవాబు నేనే చెప్పాలి.

అన్నలారా, అక్కలారా! ముందు ఆ పనేందో చూద్దాం. క్వాంట్ ఫైనాన్స్ అంటారు. వరంగల్ ఎనుమాముల యార్డులో మనం మిర్చి బస్తా మూతి విప్పకముందే, ఎంత సరుకు వస్తది, రేపు ధర ఎటు పోతదని ఖరీదుదారు లెక్కగట్టుకొని కూసోడా? షేర్లలో ఆ పని కంప్యూటర్ చేస్తుంది. ఏండ్లకేండ్ల ధరలు దానికి మేపుతారు. పెరిగేందుకెంత అవకాశం, పడేందుకెంత అని సంభావ్యత లెక్కతో తేలుస్తారు. రెప్పపాటు పట్టదు, కొనుడు అమ్ముడు అయిపోతది. ఇంజనీరింగులో చదివే మాత్రికలు, కలనగణితం, ప్రోగ్రామింగే దీనికీ కావాలి. అందుకే ఇంజనీర్లు అటు మళ్లుతున్నారు. కంప్యూటర్ సైన్సు పంతులు డేవిడ్ షా 1988లో న్యూయార్క్‌లో పెట్టిన డి.ఇ.షా కంపెనీ 1996లోనే హైదరాబాదు వచ్చింది. గోల్డ్‌మన్ శాక్స్ 2021లో వచ్చింది. మన పక్క నానక్‌రాంగూడలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్టే లేచింది. అక్కడ మనోళ్లు లేరా? ఉన్నరు. గేటు కాడ, లిఫ్టు కాడ, బాత్రూములు కడిగే కాడ!

జూదమేనంటారా? సరే. 2024 సెప్టెంబరులో సెబీయే లెక్క చెప్పింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది పోగొట్టుకున్నారు. మొత్తం 1.8 లక్షల కోట్ల పైనే. లాభపడ్డ విదేశీ మదుపు సంస్థల లాభంలో 97 శాతం కంప్యూటర్ లెక్కలతో వచ్చిందే. మన వాడల్లోనూ ఫోన్ పట్టుకొని జీతం పోగొట్టుకునే పోరగాండ్లున్నారు. ఓడేవైపు ఎవడూ కులం అడగడు, తలుపులు బార్లా తెరిచుంటయ్. గెలిచేవైపే కాపలా!

బాబాసాహెబ్ 1923లో లండన్‌లో డి.ఎస్సీ. పట్టా తెచ్చుకున్నది దేనిమీద? రూపాయి సమస్య మీద. అంతకుముందు బరోడాలో తలదాచుకునే చోటు దొరక్క బొంబాయి వచ్చి, షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే ఆఫీసు తెరిచారు. సలహా చెప్పేది అంటరానివాడని తెలిసినాక గిరాకీ ఆగింది, ఆఫీసు మూతపడింది. ఇయ్యాల ఆ మాట నోటితో అనరు. "ఏ ఐఐటీ? ర్యాంకెంత?" అంటారు. ర్యాంకు చెబితే కేటగిరీ బయటపడుతది. చాలు గదా వాళ్లకు! ప్రైవేటు కంపెనీల్లో మనకు రిజర్వేషన్ లేదు. ఏ కులమోళ్లను ఎంతమందిని తీసుకున్నారో లెక్క బయటపెట్టమని అడగాల్సింది ఆ కంపెనీలను. మీరేమో మన పిలగాణ్ణి అడ్డుకుంటున్నరు.

పిలగాడికీ ఒకటి చెప్పిన. "కొలువు రేపే ఇడవకు, మీ అమ్మ ఇంటి కిరాయి దానిమీదనే ఉన్నది. కోచింగు పేరుతో లక్షలు అడిగేటోళ్లకు దండం పెట్టు. మనకు దగ్గర్లనే సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నది. గణాంకశాస్త్రంల ఎమ్మెస్సీ, ఫైనాన్షియల్ ఎకనామిక్స్‌ల ఎం.ఏ. ఉన్నయి. అండ్ల నూటికి 15 సీట్లు మనయి" అన్న.

వాడు దరఖాస్తు తెచ్చుకున్నడు. వచ్చే ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో వాడితోనే పదో తరగతి పిల్లలకు సంభావ్యత పాఠం చెప్పిస్తున్నా. ఆ పెద్దమనిషి మనవరాలూ వస్తోంది.