పాప్‌కార్న్ డబ్బు ఎవరిది?

శుక్రవారం రాత్రి టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే ఊరు ఊరంతా గ్రౌండ్‌లోనే. మా అబ్బాయి మార్చింగ్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు. వాళ్ల వంతు హాఫ్‌టైమ్‌లో. మా చిరుతిళ్ల కౌంటర్ మీద జనం విరుచుకుపడేదీ అప్పుడే. వాడు వాయిస్తుంటే నేను స్టాండ్ల కింద నాచోస్ మీద చీజ్ పోస్తూ చెవులు రిక్కిస్తుంటాను.

కొట్టు నడిపేది బ్యాండ్ బూస్టర్ క్లబ్, అంటే పిల్లల అమ్మానాన్నల సంఘం. పోటీలకు బస్సులు, యూనిఫాంలు, పిల్లల భోజనాలు, ఇలా స్కూలు బడ్జెట్ అందుకోలేనివన్నీ దీని నెత్తినే.

మొన్న మీటింగులో మన గుంటూరాయన లేచాడు. "ఏమండీ, నాలుగు వారాలు నేనూ మా ఆవిడా నిలబడ్డాం. ఆ డబ్బు మా అమ్మాయి ఫీజులో తగ్గించరా?" న్యాయంగానే వినిపించింది. నా మనసులో మాటా అదే.

చట్టం మాత్రం ఒప్పుకోదు. వర్జీనియాలో క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ అచ్చం ఇలాగే చేసింది. అమ్మకాలు చేసిన కుటుంబానికి పాయింట్లు, ఆ పాయింట్ల మేరకు వాళ్ల పిల్లకే ఖర్చు తగ్గింపు. అమ్మనివాళ్లకు సున్నా. ఇది సేవాసంస్థ చేసే పని కాదని పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పన్ను మినహాయింపు రద్దు చేస్తే, 2013లో ట్యాక్స్ కోర్టు ఆ రద్దునే సమర్థించింది.

రాత్రి డ్యూటీ చేసే తల్లి కౌంటర్‌లో ఎప్పుడు నిలబడుతుంది? ఆమె కొడుకు ట్యూబా వాయించకపోతే మావాడి ట్రంపెట్ ఎవరు వింటారు?

నిజానికి నా భయం వేరు. ఏడాది రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటని క్లబ్బు ఐఆర్‌ఎస్‌కి పంపాల్సింది 990-ఎన్ అనే చిన్న ఈ-కార్డు. వరసగా మూడేళ్లు మరిచిపోతే మినహాయింపు దానంతటదే పోతుంది. కోశాధికారి మారినప్పుడల్లా ఆ కార్డు పంపే ఖాతా పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వెతుక్కోవడమే! చెక్కు మీద సంతకం పెట్టే మనిషి కాకుండా ఇంకొకరు నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంట్ చూడాలని అడిగితే, అనుమానిస్తున్నారా అని మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.

గుంటూరాయనకు ఇదంతా చెప్పి, "వినాయక చవితి పందిట్లో చందా ఇచ్చినవాళ్లకే ప్రసాదమంటామా?" అన్నాను. నవ్వాడు.

"అనం. కానీ మైకులో పేరు చదువుతాం కదండీ! ఇక్కడ అదీ లేదాయె."

వచ్చే మ్యాచ్‌కి అనౌన్సర్‌ని అడిగిచూస్తానన్నాను.

— ప్రవాసి